నాలుగో సీసా

ప్రయోగశాల, మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
మే 4

వదినా,

ఫోన్ చేస్తే "ఆఁ, మీ అన్నయ్యకిస్తున్నా" అని చేతులు దులిపేసుకుంటున్నావు. అమ్మ పోయిన ఈ రెండేళ్ళలో నీ గొంతు నాకు ఆ ముక్క వరకే వినపడింది. ఉత్తరమైతే అన్నయ్య చేతికి ఇచ్చెయ్యలేవు కదా, పైన నీ పేరే ఉంది. చింపేస్తానంటే మాత్రం నీ ఇష్టం.

పొద్దున్నే ఆరింటికి వచ్చాను. ఈ వేళకి ఇక్కడ ఎవరూ ఉండరు. నాలుగు గాజు సీసాలు వరసగా నిలబడి బుడబుడమంటున్నాయి. ఒక్కోటి చిన్న చెంబంత ఉంటుంది. మన ఒంట్లో ఎంత వెచ్చదనం ఉంటుందో అంతే వెచ్చగా ఉంచుతాం. అడుగున వేలెడు అయస్కాంతం తిరుగుతూ కలుపుతుంటుంది. మామూలు గాలి తగిలితే చచ్చిపోతాయని లోపలికి నైట్రోజన్ వదులుతాం. లోపలున్నవన్నీ మనిషి పేగుల్లో కాపురముండే బ్యాక్టీరియా. వందల రకాలు, ఒకటి వదిలేసింది ఇంకోటి తింటూ, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, సర్దుకుంటూ బతికేస్తాయి. కాగితాల మీద వీటిని బయో రియాక్టర్లు అని రాస్తాం. మా పంపుల మేస్త్రి మాత్రం "నాలుగు పొట్టలు" అంటాడు. ఈ పొట్టలు ఎన్నాళ్ళు చెక్కుచెదరకుండా బతుకుతాయో చూడటమే నా పని.

రెండున్నరేళ్ళ కిందట నేను కాళ్ళావేళ్ళా పడితే మలం శాంపిల్‌తో నువ్వో డబ్బా నింపి పంపావు, గుర్తుందా? నాలుగో సీసా దాంతో మొదలైందే. మిగతా మూడూ ఎవరివో ముక్కూమొహం తెలియని వాళ్ళవి. అందుకే నాలుగోదాన్ని నేను వదిన అని పిలుస్తాను. "వదినా, ఇవాళ నురగ ఎక్కువ కక్కావే" అంటుంటే మేస్త్రి నవ్వుతాడు. నీ వయసుకి మించిన పెద్దరికం దానిది. ముప్ఫై ఆరేళ్ళ మనిషి పొట్ట ఇంత నిదానంగా ఉండటం తనెప్పుడూ చూడలేదని మా మేడమ్ కూడా అంది.

అసలు సంగతికొస్తాను. సీసాలోవి ఇంకా ఆ మనిషివేనా, మారిపోయాయా అని పోల్చి చూడాలి. నలుగురి దగ్గరా మళ్ళీ ఒక డబ్బా తీసుకుంటున్నాం. నువ్వు సరే అంటే ఐసుపెట్టెతో మనిషిని పంపిస్తాను.

అన్నయ్యని అడిగానని చెప్పు.

నీ ఆడపడుచు


ముందు గది, మిషన్ దగ్గర
మే 15

అమ్మడూ,

ఉత్తరం అందింది. చింపలేదు.

బడులు తెరిచేలోగా నూట ఇరవై జతల యూనిఫారాలు కుట్టాలి. కాజాలు కుట్టే అమ్మాయి మానేసింది. తల గోక్కోడానికి కూడా తీరిక లేదు. డబ్బా సంగతి తర్వాత చూద్దాం. ఒకసారి ఇచ్చాంగా, మళ్ళీ ఎందుకంట?

సీసాకి నా పేరెందుకు పెట్టావు? తీసెయ్యి. నాకు నచ్చలేదు.

మీ అన్నయ్య బాగానే ఉన్నారు.

వదిన


ప్రయోగశాల, కిటికీ పక్క బల్ల
మే 24

వదినా,

తీసేశాను. ఇప్పుడది ఉత్త నాలుగో సీసా. అలిగింది కూడా. నిజంగానే. కొత్త రకం మేత పోశాం, రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మిగతా మూడూ గంటలో ఎగబడి తినేశాయి. ఇది మాత్రం మూడోరోజు పొద్దున నెమ్మదిగా మొదలుపెట్టి మొత్తం ఖాళీ చేసింది. ఎప్పుడూ దీనిది ఇదే వరస. మేస్త్రి దీన్ని చూసి "ఈవిడకి మర్యాదలు చెయ్యాలమ్మా" అంటాడు.

నిన్న వాన. కరెంటు దీపాలు వెయ్యకుండా కిటికీ వెలుతురులోనే కూర్చున్నాను. బల్ల మీద చెయ్యి, చేతి మీద తల, చెవి నాలుగో సీసా వైపు. వాన చప్పుడూ బుడగల చప్పుడూ కలిసిపోయి నాకు తెలియకుండానే కళ్ళు మూతలు పడ్డాయి. కలలో నేను చాలా చిన్నదాన్ని. అమ్మ పొట్ట మీద తల పెట్టుకుని పడుకున్నాను. చిన్నప్పుడు రోజూ మధ్యాహ్నం అలాగే పడుకునేదాన్ని కదా, లోపల బుడబుడమంటుంటే "అమ్మా, నీ లోపల ఎవరున్నారే?" అని అడిగేదాన్ని. "నిన్నటి కూర" అనేది. కలలో కూడా అదే మాట అంది. లేచేసరికి చెంప మీద చేతి గాజు గుర్తు పడి ఉంది.

నీకు కోపమొస్తుందేమో, అమ్మ సంగతి ఎత్తినందుకు. ఎత్తకుండా ఎన్నాళ్ళుంటాం వదినా? అమ్మ మంచాన పడ్డ ఆ నాలుగు రోజులూ నేను రాలేదు. ఎందుకు రాలేదో అప్పుడే చెప్పాను. పంపు పాడైంది, మేస్త్రి సెలవులో ఉన్నాడు, చేత్తో మేత పొయ్యకపోతే నాలుగో సీసా చచ్చిపోతుంది. వారం ఉంటుందని డాక్టరు చెప్పాడు కదా, శనివారానికి అందుకుంటానులే అనుకున్నాను. గురువారమే అయిపోయింది.

డబ్బా గురించి బతిమాలుతున్నాను. మిగతా ముగ్గురూ పంపించేశారు.

నీ ఆడపడుచు


వంటింటి బల్ల
జూన్ 6

అమ్మడూ,

ఐసుపెట్టె మనిషికి డబ్బా ఇచ్చి పంపాను. మీ అన్నయ్య ముక్కు మూసుకుని వీధి చివరిదాకా వెళ్ళి నిలబడ్డారు, ఏదో బాంబు పేలబోతున్నట్టు.

నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నా, కోపం పోలేదు. ఆ నాలుగు రోజులూ అత్తయ్యకి మంచినీళ్ళు పట్టింది నేను. పక్క మార్చింది నేను. తలుపు చప్పుడైతే చాలు అటు చూసేవారు. మీ అమ్మకంటే ఆ సీసా ఎక్కువైందా అని ఫోన్లో నిన్ను అన్న మాట ఇప్పుడైనా వెనక్కి తీసుకోను. మనసులో ఉంచుకుని పైకి నవ్వడం నాకు చేతకాదు.

కానీ ఒకటి అడగాలని ఉంది. ఆ సీసా రోజూ ఎన్నిసార్లు తింటుంది? రాత్రిళ్ళు దీపం ఉంటుందా? దానికి ఏమైనా తెలుస్తుందా, అంటే, పక్కన మనిషి ఉన్నట్టు?

పిచ్చి ప్రశ్న అనుకుంటే వదిలెయ్యి.

వదిన


ప్రయోగశాల
జూన్ 14

వదినా,

పిచ్చి ప్రశ్నే. కానీ రోజూ నేను వేసుకునేదే.

రోజుకి మూడుసార్లు తింటుంది. గంజిలాంటి మేత, దానికదే సన్నటి గొట్టంలోంచి బొట్టుబొట్టుగా పడుతుంది. దీపం అక్కర్లేదు, పేగుల్లో దీపాలెక్కడివి? నల్ల గుడ్డ కప్పి ఉంచుతాం. మనిషి పక్కనున్నట్టు తెలియదు. తెలియదనే చదువుకున్నాను. అయినా పొద్దున రాగానే గుడ్డ తీసి నాలుగోదాని మీద ముందు చెయ్యి పెడతాను. అరచెయ్యికి వెచ్చగా తగులుతుంది. మిగతా మూడూ అంతే వెచ్చగా ఉంటాయనుకో, వాటి మీద చెయ్యి పెట్టాలనిపించదు.

ఈ కొండ ఊళ్ళో వానాకాలంలో కూడా కొన్నాళ్ళు పొద్దుటి మంచు కిటికీ దాకా వస్తుంది. బయట వీధి కనపడదు, బస్సుల దీపాలు మాత్రం పసుప్పచ్చగా తేలుతూ పోతాయి. అప్పుడు గది మొత్తం ఒక పెద్ద సీసాలా, నేను అందులో బుడగలాగా అనిపిస్తుంది. నవ్వకు. ఒంటరిగా ఉండేవాళ్ళ బుర్ర ఇలాగే తయారవుతుంది.

డబ్బా చేరింది. ఫలితాలకి రెండు వారాలు పడుతుంది. నువ్వు ప్రశ్న అడిగావని ఉత్తరం రెండుసార్లు చదివాను.

నీ ఆడపడుచు


నా గది
జూలై 2

వదినా,

ఎవరికీ చెప్పుకోలేక నీకు రాస్తున్నాను.

మూడు సీసాలూ వాటి వాటి మనుషులతో సరిపోయాయి. నాలుగోది నీతో సరిపోలేదు. అందులో ఉన్న రెండు వందల రకాల్లో ఓ ముప్ఫై అచ్చంగా నీవి. తక్కినవి నీ డబ్బాలో లేనే లేవు. మా చేతుల నుంచి ఏమైనా పడ్డాయేమోనని ప్రయోగశాలలో అందరి శాంపిళ్ళూ పెట్టి చూశారు. మిగతా ఎవరివీ ఒక్కటి కూడా కలవలేదు. నావి మాత్రం తొమ్మిది కలిశాయి. మొదటిరోజు శాంపిల్‌తో పోలుద్దామంటే అది దాచిన ఫ్రీజర్ కిందటేడే పాడైపోయింది.

ఇంక ఎవరైనా ఏమనుకుంటారు? చేత్తో మేత పోసిన ఆ నాలుగు రోజుల్లో నేనే దాన్ని కలుషితం చేశానని మేడమ్ అంది. నీ ఫోన్ వచ్చింది ఆ మూడోరోజే. ఆ తర్వాత నేను చేతులు కడుక్కున్నానో లేదో, గ్లవుజులు తొడుక్కున్నానో లేదో, ఏ సిరంజి ఎక్కడ పెట్టానో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఏడుస్తూ పోశాను వదినా. అమ్మని వదిలేసి దేన్ని కాపాడానో దాన్ని నా చేత్తోనే పాడుచేసుకున్నాను.

మేడమ్ అరవలేదు. అరిచినా బాగుండేది. తప్పు నాదేనని నెలాఖరులోగా కాగితం రాసివ్వమంది. రిపోర్టులో నా పేరు ఉండదు, సీసాల పని ఇంక నాది కాదు. నాలుగోదాన్ని మాత్రం పారెయ్యరట. కొత్తగా చేరిన వాళ్ళు పని నేర్చుకోడానికి ఉంచుతారట.

నువ్వు అన్నదే నిజమైంది. ఎక్కువనుకున్నది కూడా దక్కలేదు.


వంటింటి బల్ల
జూలై 9

అమ్మడూ,

నువ్వు ఏ కాగితమూ రాసివ్వకు. ముందు ఇది చివరిదాకా చదువు. నిలబడి ఉంటే కూర్చో.

ఆ డబ్బా నాది కాదు. అత్తయ్యది.

ఏం చెప్పమంటావు? నువ్వు రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తున్నావు, నాలుగో మనిషి దొరకలేదు, దొరక్కపోతే పని ఆగిపోతుంది అని. నేను సరేనన్నాను. నువ్వు పంపిన ఫారంలో ఒక ప్రశ్న ఉంది, ఈ ఆర్నెల్లలో యాంటీబయోటిక్స్ ఏమైనా వాడారా అని. నేను వాడుతున్నాను. మూడో నెలలో నాకు కడుపు పోయింది. నీకు చెప్పలేదు. నిలబడితే చెబుదామనుకున్నాం, నిలబడలేదు. మీ అన్నయ్యకీ అత్తయ్యకీ తప్ప ఎవరికీ తెలియనివ్వొద్దని నేనే ఒట్టేయించుకున్నాను. ఫారంలో అవునని రాస్తే నువ్వు ఎందుకని అడుగుతావు. కాదని రాసి నాది పంపితే నీ పని పాడవుతుంది. మంచం మీద కూర్చుని ఏడుస్తుంటే అత్తయ్య వచ్చారు. విషయం విని, "దీనికింత రాద్ధాంతమా? ఆ డబ్బా ఇలా ఇయ్యి" అన్నారు. "ముగ్గురం ఒకే గిన్నెలోది తింటున్నాం, ఎవరిదైతే ఏంటంట?" అన్నారు. పొద్దున ఐసుపెట్టె మనిషి వచ్చేసరికి డబ్బా గడప దగ్గర రెడీగా ఉంది. ఫారం మీద సంతకం నాది, వయసు నాది. నవ్వాను ఆ రోజు, కడుపు పోయాక మొదటిసారి.

ఇప్పుడు మళ్ళీ అడిగేసరికి తర్వాత చూద్దామని దాటేశాను. ఎన్నేళ్ళో ఒకే వంట తిన్నాం కదా, నాదీ ఆవిడదీ ఒకటే అయి ఉంటుందిలే అనుకుని పంపించాను. నాకేం తెలుసు, ఇలా ఒక్కొక్కటీ లెక్కెట్టి చూస్తారని.

నీలో కలిసిన తొమ్మిదీ నీ చేతి నుంచి పడ్డవి కావు. నువ్వు పుట్టినప్పుడే ఆవిడ నుంచి నీకొచ్చినవి అయ్యుంటాయి. చదువుకున్నదానివి, నీకే తెలియాలి.

అసలు మాట ఇంకోటి ఉంది. అది చెప్పకుండా రెండేళ్ళు కడుపులో పెట్టుకున్నాను. నువ్వు ఫోన్ చేసి నాలుగో సీసా చచ్చిపోతుంది, రాలేనన్నావు చూడు, ఫోన్ పెట్టేసి అత్తయ్యకి చెప్పాను. చెడామడా చెప్పాను. ఆవిడ నవ్వారు. "అక్కడున్నదీ నేనే కదే. దాని దగ్గరే ఉండనీ. ఇక్కడ నువ్వున్నావుగా" అన్నారు. మళ్ళీ, "నేనేం కోప్పడలేదని దానికి చెప్పు" అన్నారు.

చెప్పలేదు. నీకు ఆ మాట తెలిస్తే తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటావని చెప్పలేదు. నాలుగు రోజులు నేనొక్కదాన్నే మోశాను, నువ్వు కూడా కొంచెం మొయ్యి అనుకున్నాను. మొదట పది రోజులనుకున్నాను. తర్వాత ఎప్పుడు చెప్పాలో తెలియలేదు.

మీ మేడమ్‌కి నా పేరు చెప్పు. కావాలంటే నేనొచ్చి చెప్తాను.

వదిన


ప్రయోగశాల
జూలై 16

వదినా,

రెండేళ్ళు! ఒక్క మాట వదినా, అరచెయ్యంత మాట. దాన్ని నొక్కిపెట్టి నన్ను రెండేళ్ళు చంపావు. ఉత్తరం చదివి గోడకేసి కొట్టాను. నిన్ను నాలుగు తిట్టాను. మేస్త్రి భయపడి పంపు పాడైందేమో అని చూసుకున్నాడు. మూడు రోజులు నీకు జవాబు రాయకూడదనే ఒట్టు పెట్టుకున్నాను.

నాలుగోరోజు పొద్దున గుడ్డ తీసి చెయ్యి పెట్టాను. అలాగే చాలాసేపు నిలబడిపోయాను. కొత్త మేత పోస్తే రెండు రోజులు అలగడం, మూడోరోజు తినడం. నువ్వు కొత్తగా ఏది వండినా అమ్మ కంచం పక్కకి జరిపేది గుర్తుందా? కళ్ళ ముందే ఉంది, నేనే చూడలేదు. ఆ నాలుగు రోజులూ సిరంజితో చుక్క చుక్కా నేను పోసింది ఎవరికి వదినా? నువ్వక్కడ నీళ్ళు పడుతున్నావు, నేనిక్కడ మేత పోస్తున్నాను.

నీ కడుపు సంగతి నాకు తెలియనే తెలియదు. డబ్బా డబ్బా అని నీ ప్రాణం తోడేశాను. క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు. కోపం ఉంది, అదీ పోలేదు. రెండూ ఉన్నాయి.

ఇప్పుడు నా ఇబ్బంది విను. నిజం చెప్తే నా మీద తప్పు పోతుంది. కానీ ఇక్కడ ఒక నియమముంది. మనిషి స్వయంగా ఒప్పుకుని సంతకం పెట్టకపోతే ఆ మనిషిది ఏదీ ఉంచకూడదు. సీసా ఆపెయ్యాలి, కొత్త ఫ్రీజర్‌లో దాచినవీ నాశనం చెయ్యాలి. ఒక్క చుక్క మిగలదు. నేను నోరు మూసుకుని తప్పు నాదేనని రాసిస్తే నాలుగోది బతికి ఉంటుంది. నా పేరు పోతుంది, అమ్మ ఉంటుంది. రోజూ వెళ్ళి చెయ్యి పెట్టుకోవచ్చు.

పేరుదేముంది వదినా, ఇంకో చోట ఇంకో పని చేసుకుంటాను. కాగితం రాసిచ్చేద్దామనే ఉంది.

నీ ఆడపడుచు


ముందు గది
జూలై 21

అమ్మడూ,

తిట్టావని రాశావు చూడు, ఆ ముక్క చదివాక నాకు కాస్త ఊపిరి ఆడింది. ఎదురుగా ఉండి తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. ఆయన అత్తయ్య గదిలోకి వెళ్ళి కాసేపు కూర్చుని వచ్చారు. వచ్చి, "అమ్మ ఆ రోజు ఇంకోటి కూడా అంది కదా, అది రాశావా?" అన్నారు. రాయలేదు. మర్చిపోయాను. ఆ ఐసుపెట్టె మనిషి వెళ్ళాక అత్తయ్య చేతులు కడుక్కుంటూ అన్నారు, "పిల్ల పని అయిపోయాక పారబొయ్యమను. దాచుకోడానికి అదేమైనా నగా?" అని. మేం పడీ పడీ నవ్వాం.

కొత్తగా చేరిన వాళ్ళు దాంతో పని నేర్చుకుంటారన్నావు. అంటే ఏం చేస్తారు? పొడుస్తారా, మందులు పోసి చూస్తారా? నువ్వు పక్కన ఉండనిస్తారా నిన్ను? సీసాల పని నీది కాదంటున్నారుగా. నాకు చదువు లేదు కానీ, కంచం జరిపితే రెండు రోజులు ఆగి పెట్టే మనిషి ఉండాలి ఆవిడకి.

నేనిప్పుడు నిన్ను ఇది చెయ్యి, అది చెయ్యి అనను. అనే అర్హత నాకు లేదు. అత్తయ్య అన్న మాటలు మాత్రం ఇక ఒక్కటి కూడా నా దగ్గర ఉంచుకోదలుచుకోలేదు.

వదిన


ప్రయోగశాల, కిటికీ పక్క బల్ల
ఆగస్టు 3

వదినా,

చెప్పేశాను.

మేడమ్ పాత కాగితాలన్నీ తీయించి ముప్ఫై, తొమ్మిది అని అంకెల మీద వేలు పెట్టి చూసింది. "ఎంత చక్కగా కుదిరింది! మనం వాడుకోలేం" అంది. రిపోర్టు మూడు సీసాలతోనే వెళ్తుంది, నా పేరుతోనే. ఫారం సరిగ్గా చూసుకోనందుకు నాకో మందలింపు కాగితం ఇచ్చారు. నీకు కూడా ఒకటి వస్తుంది, దాచుకో, అది నగే.

ఆపే రోజు నన్నే ఎంచుకోమంది. గురువారం ఎంచుకున్నాను. పొద్దున ఆరింటికి వచ్చాను. మంచు కిటికీ దాకా వచ్చి ఉంది, వీధి లేదు, బస్సుల దీపాలే పోతున్నాయి. మేస్త్రి ముందే వచ్చి కుర్చీ తెచ్చి సీసా పక్కన వేసి, బయటికెళ్ళి నిలబడ్డాడు. గొట్టంతో కాకుండా చివరిసారి మేత నేనే చేత్తో పోశాను, పాత రకం, తనకిష్టమైనది. తినేదాకా ఆగాను. రెండు గంటలు పట్టింది. చెవి ఆనించి కూర్చున్నాను. "లోపల ఎవరున్నారే?" అని అడిగాను. నువ్వు నవ్వినా సరే, అడిగాను.

తర్వాత వేడి తగ్గించాను. అయస్కాంతం ఆపాను. బుడగలు ఒక్కొక్కటీ పైకొచ్చి ఆగిపోయాయి. మామూలు గాలి లోపలికి వదిలి, అరచెయ్యి గాజు మీదే ఉంచాను. చల్లబడటానికి గంట పైన పట్టింది. నేను కుర్చీలోంచి లేవలేదు. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఈసారి నేను దగ్గరే ఉన్నాను వదినా, చివరిదాకా.

ఏడ్చాను. బాగానే ఏడ్చాను. మేస్త్రి టీ తెచ్చిచ్చి, "ఈవిడ మర్యాదస్తురాలమ్మా" అన్నాడు.

ఇంటికొచ్చాక ఆ అంకెలే తలలో తిరుగుతున్నాయి. ఆమె కడుపున పుట్టిన నాలో తొమ్మిది మిగిలాయి. నీలో ముప్ఫై ఉన్నాయి. ఆ నియమం పెట్టినవాళ్ళు వచ్చి నీ పొట్టలోవి తీసెయ్యలేరు కదా. ఒకే ఇంట్లో ఒకే గిన్నెలోది తినేవాళ్ళ మధ్య ఇవి అటూ ఇటూ పోతుంటాయి, అది చదువులో ఉన్నదే. అన్నీ రావు, కొన్నైనా రావచ్చు. రాకపోయినా ఏం ఫరవాలేదు.

నెల రోజులు సెలవు పెట్టాను. ఆ నెలా నీ వంట తింటాను. కాజాలు కుట్టే అమ్మాయి ఇంకా రాకపోతే ఆ పని నాకియ్యి, సిరంజి పట్టిన చెయ్యే, సూది పట్టకపోదు.

నీ ఆడపడుచు


ముందు గది, మిషన్ దగ్గర
ఆగస్టు 9

అమ్మడూ,

ఏ బండికొస్తున్నావో రాయలేదు. రాయి. మీ అన్నయ్య స్టేషన్‌కి తను వస్తానంటున్నారు. నేనే వస్తానని చెప్పాను.

అత్తయ్య మంచం మీద యూనిఫారాలు గుట్టపోసి ఉన్నాయి, తీసేస్తున్నాను. కిటికీ వైపు తల పెట్టుకుంటావో గోడ వైపు పెట్టుకుంటావో నాకు గుర్తులేదు. వచ్చాక సర్దుకుందాం.

కాజాలు నీకివ్వను. పోయినసారి నువ్వు కుట్టిన కాజాలోంచి బొత్తాం కాదు, నా బొటనవేలు దూరింది.

వంట కొత్తగా ఉంటే రెండు రోజులు కంచం పక్కకి జరుపుతావు. జరుపుకో. మూడోరోజు తింటావు. ఆ వరస నాకు తెలుసు.

వదిన